లోగోకి ఎంత అడగాలి? నేను లెక్క వేసుకునే పద్ధతి

మిగతావాళ్లు తీసుకునే రేటే చెప్పాలా, గంటల లెక్కన అడగాలా అని మీ ప్రశ్న. కొత్తగా ఫ్రీలాన్స్ మొదలుపెట్టానన్నారు కాబట్టి ముందు నేను బోల్తా పడ్డ సంగతి చెబుతాను.

నా మొదటి లోగోకి రేటు ఫోన్‌లోనే చెప్పేశాను, అర నిమిషంలో. గీయడానికి ఒక రోజు చాలు కదా అని ఒక రోజు కూలి అడిగాను. గీయడం నిజంగానే ఒక రోజులో అయిపోయింది. ఆ పని నా చేతిలోంచి వదలడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. "రంగు కొంచెం మార్చి చూద్దామా", "మా పార్ట్‌నర్‌కి పాతదే నచ్చిందట", "విజిటింగ్ కార్డు మీద పెట్టి చూపించండి" అంటూ క్లయింటు పదకొండు సార్లు మార్పించారు. ఎన్నిసార్లు మారుస్తానో నేను ముందు చెప్పలేదు, కాబట్టి ఆయన్ని అనడానికేమీ లేదు. చివర్లో డబ్బు గట్టిగా అడగడానికీ మొహమాటమే. సగమే చేతికొచ్చింది.

ఆ దెబ్బతో తర్వాతి మూడు లోగోలకి ప్రతి గంటా రాసిపెట్టుకున్నాను. ఒకదానికి మొత్తం 27 గంటలు పడితే, అందులో సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని గీసింది 7 గంటలే. మిగతా 20 గంటలు క్లయింటుతో మాటలకి, పోటీ కంపెనీల లోగోలు చూడటానికి, కాగితం మీద స్కెచ్‌లకి, మెయిళ్లకి, మార్పులకి, చివరి ఫైళ్లు తయారు చేయడానికి పోయాయి. మీరు కూడా రెండు మూడు పనులకి ఇలా రాసి చూడండి. రేటు గురించి ఎవరి సలహా కన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది, నా సలహాతో సహా.

ఇక గంటకి ఎంత? ఇంటి ఖర్చు, పన్ను, సాఫ్ట్‌వేర్ చందా, రేపు కంప్యూటర్ మార్చడానికి పక్కన పెట్టేది అన్నీ కలిపి ఏడాదికి మీకెంత కావాలో రాసుకోండి. వారానికి 40 గంటల చొప్పున 50 వారాలు పనిచేస్తే 2,000 గంటలు కదా అని దాంతో భాగించకండి. నాకైతే అందులో సగం పని వెతుక్కోవడానికి, కొటేషన్లు రాయడానికి, బిల్లుల వెంట పడటానికే పోతుంది. అందుకే 1,000తో భాగిస్తాను. వచ్చిన దాన్ని ఒక లోగోకి పట్టే గంటలతో గుణిస్తే, అంతకన్నా తక్కువకి ఒప్పుకోకూడని అంకె తేలుతుంది.

ఆ అంకె క్లయింటుకి చెప్పేది కాదు, మన దగ్గర ఉంచుకునేది. గంటల లెక్కన బిల్లు వేస్తే చెయ్యి తిరిగే కొద్దీ సంపాదన తగ్గిపోతుంది. నైకీ గుర్తు గీసిన కరొలిన్ డేవిడ్‌సన్‌కి 1971లో ముట్టింది 35 డాలర్లు. గంటకి 2 డాలర్ల లెక్క అది. 1986లో స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ అనే కంప్యూటర్ కంపెనీ లోగోకి అమెరికన్ డిజైనర్ పాల్ రాండ్ తీసుకున్నది లక్ష డాలర్లు. చూపించింది కూడా ఒకే డిజైన్. ఈ రెండు కథలూ అందరూ చెబుతారు కానీ, వాటిని చూసి రేటు పెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఆమె అప్పటికి విద్యార్థిని, ఆ కంపెనీ కూడా చిన్నదే. ఆయన అప్పటికే ఐబీఎం లోగో గీసిన మనిషి.

నేను కనీస అంకె మీద ఎంత పెంచాలో తేల్చుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడుగుతాను. లోగో ఎక్కడెక్కడ వాడతారు? ఒక్క మనిషి నడిపే వ్యాపారమా, పది బ్రాంచీల బోర్డుల మీదకా? ఆఖరి మాట ఎవరిది? ఆఖరి మాట నలుగురిదని తెలిస్తే మార్పుల గంటలు అక్కడే పెంచేస్తాను. నాలుగు రోజుల్లో కావాలంటే రేటు వేరే.

కొటేషన్‌లో రాసేవి: మూడు డిజైన్లు, రెండు విడతల మార్పులు, మూడో విడత నుంచి విడిగా డబ్బు. సగం అడ్వాన్స్. ఫాంట్ లైసెన్స్ ఖర్చు క్లయింటుదే. పూర్తి డబ్బు అందాకే హక్కులు, ఎస్‌వీజీ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు) లాంటి అసలు ఫైళ్లు వాళ్లకి వెళతాయి. విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్ ఇందులో లేవని కూడా రాస్తాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

తగ్గించమంటే గంట రేటు అలాగే ఉంచి పని తగ్గిస్తాను: మూడు డిజైన్ల బదులు ఒకటి, మార్పులు ఒక్కసారి. స్నేహితులకైతే పూర్తిగా ఉచితంగా చేస్తాను, లేదంటే మామూలు రేటే. సగం రేటుకి చేసినప్పుడల్లా ఇద్దరికీ మనసు కష్టపడింది.

ఫోన్‌లో ఎంతంటే మాత్రం ఇప్పటికీ చెప్పను. "వివరాలు చూసుకుని రేపు మెయిల్ పెడతాను" అంటాను. రేటు చెప్పాక అవతల నిశ్శబ్దం వినిపిస్తే నాకు టెన్షన్, అడక్కుండానే తగ్గించేస్తాను. మెయిల్‌లో ఆ బాధ లేదు.