కొత్త బ్యాటరీ వేసినా ఫిష్ ఫైండర్ ఆగిపోతుంటే ముందుగా కొలవవలసిన చోటు

వేట నిషేధం ముగిశాక మీ బోటుకు కొత్త బ్యాటరీ వేయించారని, దాని దగ్గర మీటరు 12.6 వోల్టులు చూపిస్తున్నా వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో మాట్లాడటానికి మీట నొక్కిన ప్రతిసారీ ఫిష్ ఫైండర్ (చేపల గుంపులను తెర మీద చూపే పరికరం) ఆగి మళ్లీ మొదలవుతోందని, సెల్ఫ్ కొట్టినప్పుడు జీపీఎస్ కూడా ఆరిపోతోందని రాశారు. ఇంకా పెద్ద బ్యాటరీ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. కాకినాడలో బోట్ల వైరింగు పని చేస్తున్న నా అనుభవంలో, ఇటువంటి లక్షణాలు కనిపించినప్పుడు లోపం బ్యాటరీలో కంటే బ్యాటరీకీ వీల్‌హౌస్‌కీ (బోటు నడిపే గది) మధ్యనే ఎక్కువగా దొరికింది.

ఏ పరికరమూ నడవనప్పుడు బ్యాటరీ మీద కనిపించే 12.6 వోల్టులు అది నిండుగా చార్జ్ అయి ఉందని మాత్రమే చెబుతాయి. ఆ వోల్టేజి పరికరం దాకా చేరుతోందా లేదా అన్నది చెప్పవు. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు వింటున్నంతసేపూ చాలా తక్కువ కరెంటే లాగుతుంది గానీ, మాట్లాడేటప్పుడు సుమారు 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ గది నుంచి వీల్‌హౌస్‌కు పది మీటర్ల దూరం ఉండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి ఉంటే, పోను రాను ఇరవై మీటర్ల వైరులో ఆ 6 ఆంపియర్లకు దాదాపు 0.9 వోల్టు పోతుంది. మధ్యలో చిలుము పట్టిన ఒక్క అతుకు ఓములో ఐదో వంతు నిరోధం చూపినా మరో 1.2 వోల్టులు పోతాయి. లోడు మీద, అంటే పరికరాలు కరెంటు లాగుతున్నప్పుడు, బ్యాటరీ 12.2 దగ్గర ఉన్నా అదే వైరు మీద ఉన్న ఫిష్ ఫైండర్‌కు చేరేది 10.1 మాత్రమే, చాలా సెట్లు ఆ పరిసరాల్లోనే ఆగిపోతాయి. అంత చిన్న నిరోధాన్ని మీటరులోని ఓము స్కేలుతో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మీటరు వైర్లకే దాదాపు అంత నిరోధం ఉంటుంది.

అందుచేత లోడు ఉన్నప్పుడు వోల్టేజినే కొలవాలి. ఒకరు వీహెచ్‌ఎఫ్ మీట నొక్కి పట్టుకోగా (ఆపద పిలుపుల 16వ ఛానెల్‌లో కాకుండా, ఎవరూ మాట్లాడని మరో ఛానెల్‌లో, క్షణకాలం మాత్రమే), మీరు పొడవాటి వైరు సాయంతో మీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్ స్తంభం మీద, రెండో మొనను సెట్టు వెనుక ప్లస్ దగ్గర ఉంచండి. అక్కడ కనిపించే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజి. తరువాత మైనస్ వైపు కూడా అదే విధంగా చూడండి. రెండూ కలిపి అర వోల్టు దాటితే లోపం దారిలో ఉన్నట్టే. ఆపై మొనను ఫ్యూజ్ హోల్డరు, స్విచ్చి, అతుకు, ఇలా ఒక్కొక్కటీ దాటిస్తూ వస్తే అంకె ఒక్కసారిగా ఎగిరిన చోటే లోపం ఉంటుంది. మొనను బ్యాటరీ క్లాంపు మీద కాకుండా సీసపు స్తంభం మీదే పెట్టాలి, లేకపోతే క్లాంపు కింద ఉన్న తెల్లటి పొర వల్ల పోయే వోల్టేజి లెక్కలోకి రాదు.

మైనస్ వైపును చాలామంది పట్టించుకోరు. ఒక బోటులో ప్లస్ వైరును రెండుసార్లు మార్చినా ఫిష్ ఫైండర్ ఆగుతూనే ఉంది. కొలిచి చూస్తే మైనస్‌ను ఇంజిన్ మీద రంగు వేసిన బోల్టు కింద బిగించి ఉన్నారు. ఎలక్ట్రానిక్స్ మైనస్‌ను నేరుగా బ్యాటరీకి తీసుకువెళ్లాక ఆ బాధ తీరింది. వైరు మార్చవలసి వస్తే తగరపు పూత ఉన్న 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి, లగ్గులను (వైరు చివర తొడిగే లోహపు ముక్కలను) క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కించండి, టేపు చుట్టిన మెలికలను పూర్తిగా తీసివేయండి. టేపు లోపలికి ఉప్పునీటిని రానిస్తుంది, బయటికి పోనివ్వదు.

సెల్ఫ్ కొట్టినప్పుడు జీపీఎస్ ఆరిపోవడం వేరే విషయం. స్టార్టరు వందల ఆంపియర్లు లాగేటప్పుడు బ్యాటరీయే క్షణంపాటు 10 వోల్టులకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. వైరు మార్చినంత మాత్రాన అది ఆగదు. ఎలక్ట్రానిక్స్‌కు విడి బ్యాటరీ పెట్టి, డైనమో చార్జింగును రెండింటికీ పంచే రిలే అమర్చడమే సరైన పరిష్కారం. అప్పటివరకు ఇంజిన్ నడిచాకనే పరికరాలను ఆన్ చేయండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 13 దాటకపోతే బెల్టును, డైనమోను చూడాలి; 15 దాటితే రెగ్యులేటరు పాడైనట్టు, అప్పుడు పరికరాలను వెంటనే ఆపివేయాలి.

మీ ఇంజిన్ 24 వోల్టులదైతే మరొకటి తప్పక చూడండి. వరుసలో ఉన్న రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు తీసి సెట్లకు ఇవ్వడం మన రేవుల్లో తరచుగా కనిపిస్తుంది. అలా చేస్తే ఆ బ్యాటరీకి చార్జింగు ఎప్పుడూ చాలదు, రెండోది మాత్రం ఎక్కువ చార్జ్ అయి నీరు ఆవిరైపోతుంది, కొత్త బ్యాటరీ కూడా త్వరగా పాడవుతుంది. చార్జింగు జరుగుతుండగా రెండింటినీ విడివిడిగా కొలిస్తే, అర వోల్టుకు మించిన తేడా ఈ సంగతిని బయటపెడుతుంది. వీహెచ్‌ఎఫ్ సెట్టు లాగే ఆంపియర్లను తట్టుకునే 24 నుంచి 12 వోల్టుల కన్వర్టరు పెట్టించండి. ఆపదలో 16వ ఛానెల్‌లో పిలవవలసింది ఆ సెట్టుతోనే కాబట్టి ఈ ఖర్చును వాయిదా వేయవద్దని కోరుతున్నాను.

మీట నొక్కినప్పుడు ప్లస్ వైపు ఎంత పోయింది, మైనస్ వైపు ఎంత పోయింది, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఎంత ఉంది అన్న మూడు అంకెలు రాస్తే, ముందు ఏది మార్చాలో చెప్పగలను.