ఐదు వోల్టులు బోర్డు మీద చూడు

కావలి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

కొత్తపట్నంలో నువ్వు బాగుచేయబోతున్న పాత వీడియో గేమ్ మెషీన్ సంగతి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆట మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటికి వస్తోందట, తెరమీద పిచ్చి గుర్తులు పడుతున్నాయట. ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు పోయిందని ఎవరన్నా అప్పుడే నమ్మకు. సప్లై, అంటే బోర్డుకు కరెంటు అందించే పెట్టె, దగ్గర 5 వోల్టులు సరిగ్గానే ఉన్నాయని నువ్వు చెప్పావట. అది చాలదు నాయనా. ఆ 5 వోల్టులు బోర్డు మీది ఐసీల (చిప్పుల) దాకా చేరుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

ముందు నీ క్షేమం. ప్లగ్గు తీసేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ట్యూబు మీది రబ్బరు మూత జోలికీ, మానిటర్ చాసిస్ (దాన్ని నడిపే సర్క్యూట్) జోలికీ వెళ్లకు. మన కరెంటు 230 వోల్టులు. చాలా విదేశీ మెషీన్ల సప్లై పక్కన 115, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది, అది 230 మీద ఉందో లేదో టార్చి వేసి చూడు. మానిటర్‌కు వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించకు.

బోర్డు అంచున వైపుకు 28 చొప్పున 56 కాంటాక్టులు ఉంటే అది చాలావరకు 1985లో జపాన్‌లో వచ్చిన జామా (JAMMA) అనే కనెక్షన్ల పద్ధతి. అందులో ఐసీలకు 5 వోల్టులు, ఆడియోకు 12 వోల్టులు, కొన్ని బోర్డులకు మైనస్ 5 వోల్టులు వెళ్తాయి. పాత బోర్డుల్లోని 74 శ్రేణి ఐసీలు సాధారణంగా 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య పనిచేయడానికి తయారైనవి. తగ్గితే మెమొరీ తడబడుతుంది, ఆట రీసెట్ అవుతుంది. పెరిగితే ఐసీలు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టు. బోర్డు తగిలించి, ఆట నడుస్తుండగా, కనెక్టర్‌కు దూరంగా ఉన్న ఒక 14 పిన్నుల ఐసీని ఎంచుకో. ఎక్కువ వాటిలో 7వ పిన్ను గ్రౌండు, 14వది 5 వోల్టులు. ప్రోబు (మీటరు తీగ మొన) జారి పక్క పిన్నును కలిపితే ప్రమాదం, చేయి నిలకడగా ఉంచు. అక్కడ 5.00 నుంచి 5.05 దాకా కనిపిస్తే చాలు.

తక్కువ కనిపించగానే సప్లై మీద వోల్టేజీని సరిచేసే చిన్న మర, ప్రీసెట్, తిప్పేయకు. నేను గట్టిగా చెప్పేది ఇదే. బోర్డు 3 ఆంపియర్లు లాగుతుంటే, దారిలో 0.1 ఓము నిరోధం ఉన్నా 0.3 వోల్టు అక్కడే పోతుంది. మీది సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు, కాంటాక్టులు నల్లబడకుండా ఎలా ఉంటాయి? గ్రౌండు తీగను చాలామంది మరచిపోతారు. నల్ల ప్రోబు సప్లై గ్రౌండు మీద, ఎర్ర ప్రోబు బోర్డు గ్రౌండు మీద పెట్టి చూడు. సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.2 అని చూపిస్తే ఆ వోల్టేజీ గ్రౌండు తీగలోనే పోతోందన్నమాట. కరెంటు ఆపి, బోర్డు అంచును మెత్తని రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. టెర్మినల్ స్క్రూలు బిగించు. తీగ సన్నగా ఉంటే 5 వోల్టులకూ గ్రౌండుకూ చెరొక మందపాటి తీగ అదనంగా వెయ్యి.

ఇవన్నీ అయ్యాకే ప్రీసెట్. ప్లాస్టిక్ పిడి ఉన్న సన్న స్క్రూడ్రైవర్‌తో, మీటరు బోర్డు మీదే ఉంచి, వెంట్రుకవాసి మాత్రమే కదుపు. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో మొదటి కదలికలోనే తెలుస్తుంది. చాలా సప్లైలలో 5 పెరిగితే 12 కూడా వెంట పెరుగుతుంది, కాబట్టి దాన్నీ చూడు. ఎంత తిప్పినా 5 నిలవకుండా ఊగుతుంటే ప్రీసెట్‌ను నిందించి లాభం లేదు, సప్లైలోని కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అప్పుడు సప్లైనే మార్చు.

గంటసేపు ఆడించాక మళ్లీ కొలిచి, సప్లై దగ్గరి అంకె, ఐసీ దగ్గరి అంకె రెండూ నాకు పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
మామయ్య