మొరం సబ్‌బేస్: డెన్సిటీ 99% వచ్చినా టిప్పర్ గాడి ఎందుకు పడింది?

రోడ్డు కింద పరిచి రోల్ చేసిన మొరం పొర (సబ్‌బేస్) డెన్సిటీ ల్యాబ్ అంకెలో 99% వచ్చినా, టిప్పర్ వెళ్తే గాడి పడిందని అడిగారు. ఆ 99 శాతం లెక్కలోనే తేడా ఉన్నట్టుంది. ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్టు (మట్టిని దట్టించి, గరిష్ఠంగా ఎంత డెన్సిటీ వస్తుందో చూసేది) 19 మి.మీ. జల్లెడ దిగిన మట్టి మీద చేస్తారు. డెన్సిటీ కొలవడానికి మీరు సైటులో తవ్విన గుంతలో పెద్ద రాళ్లూ ఉంటాయి. రాయి బరువుతో అంకె పెరుగుతుంది, చుట్టూ ఉన్న మట్టి వదులుగానే ఉంటుంది. టిప్పర్ కింద కుంగింది ఆ మట్టే.

చాలామంది వదిలేసేది ఈ రాళ్ల సవరణే:

1. గుంతలోంచి తీసిన మొరం ఆరబెట్టి, 19 మి.మీ. జల్లెడ మీద ఆగిన రాళ్లు తూచండి. మొత్తం బరువులో 25% అనుకుందాం.
2. మీ ల్యాబ్ ఎం.డి.డి. (ప్రాక్టర్ టెస్టులో వచ్చిన గరిష్ఠ పొడి డెన్సిటీ) 2.00 గ్రా./ఘ.సెం.మీ. రాయి స్పెసిఫిక్ గ్రావిటీ (నీటితో పోలిస్తే ఎన్ని రెట్ల బరువో) 2.60 అయితే, రాళ్లతో కలిపి సవరించిన ఎం.డి.డి.: 1 ÷ (0.25/2.60 + 0.75/2.00) = 2.12
3. మీ ఫీల్డు డ్రై డెన్సిటీ 1.98. 2.00తో పోలిస్తే 99 శాతం, కానీ 2.12తో పోలిస్తే 93 శాతమే!

రాళ్లు 30% దాటితే ఈ సూత్రం నమ్మొద్దు, పెద్ద మౌల్డులో టెస్టు చేయించండి.

నీళ్లూ ఇంతే. ఓ.ఎం.సి. (మట్టి బాగా దట్టంగా కుదరడానికి కావాల్సిన తేమ) 9% అన్నారు, కానీ రాయి 1 శాతానికి మించి పీల్చదనుకుంటే మొత్తానికి 7% చాలు. 9% పోస్తే మట్టి భాగంలోకి దాదాపు 12% చేరుతుంది. గుప్పెడు తీసి పిసకండి, వేళ్ల సందుల్లోంచి బురద వస్తే ఎక్కువైనట్టే.

ఇప్పుడు పొర గీరి, ఆరబెట్టి, మళ్లీ రోల్ చేయండి. గుంతలో ఇసుక పోసి డెన్సిటీ కొలిచే శాండ్ రీప్లేస్‌మెంట్‌కి 100 కాదు, 200 మి.మీ. సిలిండర్ వాడండి.

ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టిలో బంకతనం ఎంతో చెప్పే అంకె) కూడా చూడండి. 6 దాటితే ఎంత రోల్ చేసినా వానకి మెత్తబడే ప్రమాదం ఉంది. అప్పుడు సున్నం కలిపితే పనిచేస్తుందేమో 3% నుంచి ట్రయల్ వేయించి చూడండి.