‘నేపథ్య వికిరణం’ సరైన మాటేనా?

సందేహం: ‘విశ్వ నేపథ్య వికిరణాన్ని పరిశీలించి, విశ్వం బల్లపరుపుగా ఉందని తేల్చారు’ అని ఒక వ్యాసంలో చదివాను. నేపథ్యం నాటకాల మాట కదా, ఇక్కడ పొసగుతుందా? విశ్వం బల్లపరుపుగా ఉండడమేమిటి?

సమాధానం: నేపథ్యం ఊసెత్తారు కాబట్టి ముందు నా గోడు వినండి. వాన పడినా, ధర పెరిగినా ఇప్పుడు ‘ఈ నేపథ్యంలో’ అనే రాస్తున్నారు. ‘అందువల్ల’, ‘ఇలా ఉండగా’ ఏం పాపం చేశాయో! అసలు నేపథ్యమంటే వేషం. ‘ఆకల్పవేషౌ నేపథ్యమ్’ అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. శాకుంతలం మొదట్లో సూత్రధారుడు నటిని ‘ఆర్యే, యది నేపథ్యవిధానమవసితమ్’ అని పిలుస్తాడు, ముస్తాబైతే ఇలా రమ్మని. వేషం కట్టుకునే చోటూ, దానికి అడ్డుండే తెరా కూడా నేపథ్యమే. నాటకంలో ‘నేపథ్యే’ అని ఉంటే మనిషి కనపడడు, గొంతే వినిపిస్తుంది. నాలుగో అంకంలో ‘అయమహం భోః’ (ఇదిగో, నేను వచ్చాను) అన్న దుర్వాసుడు రంగం మీదికి రానే రాడు. తెరవెనక నుంచే శపించి కథనంతా తిప్పేస్తాడు. కాళిదాసుకే చెల్లింది!

ఇప్పుడు ఆకాశం సంగతి. విశ్వం పుట్టాక సుమారు 3,80,000 ఏళ్ల దాకా అంతా వేడి ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న కణాల ముద్ద, కాంతి సూటిగా సాగలేని తెర. అది విడిపోయాక బయల్దేరిన వెలుగే 2.7 కెల్విన్ల మైక్రోవేవ్‌గా అన్ని దిక్కుల నుంచీ ఇంకా వస్తోంది. విశ్వ నేపథ్య వికిరణమంటే ఇదే. 1964లో పెంజియాస్, విల్సన్ అనే రేడియో ఖగోళ శాస్త్రవేత్తల యాంటెన్నాలో అది వదలని రొద. పావురాల రెట్టలు కడిగినా పోలేదు. తెరవెనక ప్లాస్మాలో సాగిన శబ్దతరంగాలు ఆ వెలుగులో లక్షలో ఒక వంతు వేడి తేడాలుగా, మచ్చలుగా మిగిలాయి. నేపథ్యంలో గొంతంటే ఇదే కదా! పదం కట్టినవారు ‘వెనకున్నది’ అనే అనుకుని ఉండొచ్చు. అయినా తప్పనడానికి నాకు నోరు రావడం లేదు, ‘పూర్వరంగం’ (నాటకానికి ముందు జరిగే తంతు) ఇంకా బాగుండేదేమోనని మాత్రం ఓ మూల ఉంది.

ఇక బల్లపరుపు. ఆ మచ్చల అసలు పరిమాణం లెక్కకు అందుతుంది. విశ్వం గోళంలా వంగి ఉంటే అవి పెద్దవిగా, గుర్రపు జీనులా వంగితే చిన్నవిగా కనపడాలి. 1998 చివర్లో ఎగిరిన బూమరాంగ్ అనే పరిశోధన బెలూన్, తర్వాత ప్లాంక్ ఉపగ్రహం చూస్తే ఆకాశంలో వాటి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ, అంటే వంపు లేనప్పుడు ఉండాల్సినంతే. త్రిభుజం ఎంత పెద్దదైనా కోణాల మొత్తం 180 డిగ్రీలేనని దీని భావం, విశ్వం పలకలా పరుచుకుందని కాదు. ‘వంపులేని విశ్వం’ అనండి, ‘చదునైన’ అన్నా ఊరుకుంటాను.