రెప్ప కండరం వీక్ అయితే కంట్లోంచి నీళ్లెందుకు కారతాయి?

కన్నీళ్లు ముక్కులోకి పోయే నాళం క్లియర్‌గానే ఉందని డాక్టర్ అన్నారు, అయినా నీళ్లు ఆగట్లేదేంటి అని కదా మీ డౌటు. కన్నీళ్లు వాటంతటవే దిగిపోవండీ, వాటిని లాగే పంపు రెప్పే. కంటి చుట్టూ రింగులా ఆర్బిక్యులారిస్ ఓక్యులి అనే కండరం ఉంటుంది, రెప్ప కొట్టిన ప్రతిసారీ అది బిగుసుకుని, ముక్కువైపు మూలలో పైరెప్పకొకటి కిందిరెప్పకొకటి ఉండే సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లని పక్కనే ఉండే కన్నీటి సంచిలోకి నెడుతుంది, అక్కణ్ణుంచి ముక్కులోకి పోతాయి (ఏడిస్తే ముక్కు కారేది అందుకే). నిమిషానికి సుమారు 15 సార్లు జరిగే పని ఇది.

వయసుతో కిందిరెప్ప వదులైనా, బెల్స్ పాల్సీ (ముఖంలో ఒక పక్క కండరాలు పడిపోవడం) లాంటిదొచ్చి ముఖం నరం దెబ్బతిన్నా ఈ పంపు సరిగ్గా పనిచెయ్యదు, రెప్ప బయటికి తిరిగితే ఆ రంధ్రం నీళ్లకి అందనే అందదు, ఇంక చెంప మీదకే. పైగా కన్ను పూర్తిగా మూసుకోకపోతే ఎండిపోయి, ఆ మంటకి ఇంకా ఎక్కువ నీళ్లొస్తాయి, అందుకే కన్ను కారుతున్నా డాక్టర్ కంటిని తడిగా ఉంచే లూబ్రికెంట్ డ్రాప్స్ రాస్తారు, విచిత్రంగా అనిపిస్తుంది గానీ కరెక్టే. వదులు మరీ ఎక్కువైతే రెప్పని బిగించే చిన్న సర్జరీ ఉంది. ఊరికే తుడిచేటప్పుడు మాత్రం రెప్పని కిందకి లాగకండి, ఇంకా సాగుతుంది. మూతి కూడా ఒక పక్కకి పోతే ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.