సమాధానం: ఆసక్తి లేదనే ముందు వేళలు, నెట్ ఎత్తు చూడండి

మీ కాలనీ వాలీబాల్ క్లబ్బులో చేరిన అమ్మాయిల్లో ముగ్గురే మిగిలారనీ, కమిటీవాళ్లేమో "ఆడపిల్లలకు ఆసక్తి లేదు" అని తేల్చేశారనీ రాశారు. ఆ మాట ఒప్పుకోకండి. వెలుగున్నంతసేపూ అబ్బాయిలకిచ్చి, చీకటిపడ్డాక కోర్టు ఇస్తే ఏ తల్లిదండ్రులు పంపుతారండీ? వారంలో మూడు సాయంత్రాలు, ఐదు నుంచి ఆరున్నర దాకా, అమ్మాయిలకే అని కాగితం మీద రాయించి నోటీసు బోర్డులో పెట్టించండి. నోటిమాటగా ఉంటే టోర్నమెంటు రాగానే గాలికిపోతుంది.

నెట్ ఎత్తు కూడా కొలవండి. మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. మీ స్తంభాలకు మగవాళ్ల ఎత్తులో ఒకటే కొక్కెం ఉంటే, కొత్తగా నేర్చుకునే పిల్ల స్మాష్ కొట్టలేక ఆటే తనకు రాదనుకుని మానేస్తుంది. వెల్డింగ్ షాపులో రెండో కొక్కెం వేయించడం చిన్న పని. అమ్మాయిలకు లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి కూడా కావాలి; దానికి ఖర్చవుతుంది, అయినా తప్పదు.

వేధింపుల సంగతి ఎత్తితే "మనది చిన్న క్లబ్బు" అనొచ్చు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అడ్డుకునే 2013 చట్టం క్రీడా సంస్థల్నీ, స్టేడియాల్నీ కూడా పని ప్రదేశాలుగానే చూస్తుంది. పదిమందికన్నా తక్కువ ఉద్యోగులున్న చోట ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. ఆ వివరం గోడ మీద రాయించండి.

ఇక బహుమతి డబ్బు. క్రికెట్‌లో బీసీసీఐ 2022లోనే మ్యాచ్ ఫీజు ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమానం చేసింది, టెస్టుకు 15 లక్షలు. మీ సంక్రాంతి టోర్నమెంటులో సమానంగా ఇమ్మనడం గొంతెమ్మ కోరికేమీ కాదు. వచ్చే సమావేశానికి ఆ ముగ్గురినీ, వాళ్ల అమ్మలనీ వెంటబెట్టుకుని వెళ్లండి. కమిటీలో రెండు స్థానాలు వాళ్లకే అడగండి.