నల్లజాతి పిల్లలకు కెమెరాతో చేయూతనివ్వాలంటే ఎలా మొదలుపెట్టాలి?

అట్లాంటాలో ఉంటున్నాను, ఫొటోలు తీయడం వచ్చు, దగ్గరి పేటలోని నల్లజాతి పిల్లలు కోరుకున్న ఉద్యోగాల వైపు వెళ్లేందుకు ఏదైనా చేయాలని ఉంది అన్నారు. నాలుగేళ్లుగా ఇదే ఊళ్లో నా శనివారాలు ఆ పనిలోనే గడుస్తున్నాయి కాబట్టి, ముందు నా తెలివితక్కువతనం చెబుతాను.

మొదటిసారి డాక్టరు కోటు, పైలట్ టోపీ కొనుక్కుని, పేటలో పిల్లలు చేరే హాలుకు వెళ్లాను. పిల్లలకు తొడిగి, తెల్ల తెర ముందు నిలబెట్టి తీశాను. తెర మెరుపుకు కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోయి ముఖాలన్నీ మసిబారాయి. పిల్లలు చూసుకుని ఏమీ అనలేదు. చిన్నప్పుడు మా ఊరి స్టూడియోలో ఫొటోకు ముందు నా ముఖానికి దట్టంగా పౌడరు పట్టించేవారు, తప్పు నా రంగుదే అన్నట్టు. నిజానికి తప్పు సరంజామాది. ఒకప్పుడు కోడాక్ కంపెనీ రంగుల ఫిల్ములను తెల్లవారి చర్మాన్ని కొలతగా పెట్టుకుని సరిచూసేవారు. గోధుమ రంగు ఛాయలు సరిగా రావడం లేదని చాక్లెట్, ఫర్నిచర్ కంపెనీలు గోల చేశాక గానీ మార్పు మొదలవలేదు. మనుషుల మాట కంటే చాక్లెట్ మాట చెల్లింది! వెనక ముదురు రంగు గోడ, పక్కనుంచి కిటికీ వెలుగు, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, ముఖం మీద కొలవడం: ఈ మూడూ చాలు.

అసలు తప్పు వేరు. ఆ హాలు నడిపే పెద్దావిడ ఫొటోలన్నీ చూసి, "బట్టలు బాగున్నాయి, ఆ పని చేసే మనిషేడీ?" అన్నారు. ఆ తర్వాత కోట్లు మానేశాం. నెలకొకసారి ఆ పేటవారినే పిలుస్తున్నాం: నర్సు, విమానాల మెకానిక్, కరెంటు పనివారు. ఒకసారి పశువైద్యురాలు వచ్చారు. అలబామాలోని టస్కీగీ విశ్వవిద్యాలయంలో చదివారట. అమెరికాలోని నల్లజాతి పశువైద్యుల్లో ఎక్కువమంది అక్కడివారే. తొమ్మిదేళ్ల పాప ఆమె కుక్క ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "ఇది పరుగెత్తడం లేదు కదా, గుండె ఎందుకింత వేగం?" అని అడిగింది. కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయింది. నేను తీసినవాటిలో మంచి ఫొటో అదే. డాక్టరుగారు దాని వెనక తన ఫోను నంబరు రాసి తల్లికి ఇచ్చారు. మరుసటి వేసవిలో ఆ తల్లి రెండు గంటలు కారు నడిపి పాపకు టస్కీగీ చూపించి వచ్చింది. అందులో నా వాటా ఒక ప్రింటు, అంతే.

కెమెరా పిల్లల చేతికీ ఇవ్వండి. గోర్డన్ పార్క్స్ రైల్లో వెయిటరుగా పనిచేస్తూ తాకట్టు కొట్టులో కెమెరా కొన్నారు, 1948లో లైఫ్ పత్రికలో తొలి నల్లజాతి స్టాఫ్ ఫొటోగ్రాఫర్ అయ్యారు. ఈ కథలో మా పిల్లలకు నచ్చేది లైఫ్ పత్రిక కాదు, తాకట్టు కొట్టు. వాళ్ల వీధి చివర అలాంటిదొకటి ఉంది మరి.

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఫొటో తీయవద్దు, ఇంటర్నెట్‌లో అసలే పెట్టవద్దు. నేర చరిత్ర తనిఖీ అడిగితే నొచ్చుకోకండి. మొదటి రెండు శనివారాలు కెమెరా ఇంట్లోనే వదిలి వెళ్లండి. కుర్చీలు వేయడానికి, తీయడానికి అక్కడ ఎప్పుడూ మనుషులు చాలరు.